పల్లవి చదివిన పదిహేడు పుస్తకాలు

తిరుపతి,
24 ఏప్రిల్ 2025.

అలివేలు వదినకు నమస్కారాలు.

ఈ ఉత్తరం పల్లవి సంచీలోనే పెట్టి పంపుతున్నాను. మీ తమ్ముడు దాన్ని మీ ఇంట్లో దించి, సాయంత్రం హైదరాబాదు బస్సు తోలడానికి వెంటనే వెనక్కి రావాలి. నిలబడి నాలుగు మాటలు చెప్పే మనిషి కూడా కాదు. ఫోన్ చేద్దామంటే మీకు గరగరమనే చప్పుడు తప్ప మాట వినపడదు. అందుకని రాస్తున్నాను.

మా పరిస్థితి మీకు తెలియనిది కాదు. నాకు ఆస్పత్రిలో నెలకు పదిహేను రోజులు నైట్ డ్యూటీ. ఆయన వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. ఇంటి ఓనరు పంకజాక్షమ్మ గారు పల్లవికి తోడు పడుకుంటారు గానీ, ఆవిడ ఎనిమిదికల్లా నిద్రపోతారు. అవసరమైతే నన్ను పిలుస్తుందని పాత ఫోన్ ఒకటి దాని చేతికిచ్చాను. అదే తప్పయింది. అన్నం తింటూ ఫోన్, హోంవర్క్ చేస్తూ కూడా పక్కన ఫోనే. ఫిబ్రవరిలో ఒకరోజు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. అడ్డం పడితే చెంప మీద కొట్టాను. అయినా అప్పటికే ఆలస్యమైపోయినట్టుంది. సంవత్సరాంతపు పరీక్షల్లో ఒక్క లెక్కల్లో తప్ప అన్నింట్లోనూ మార్కులు పడిపోయాయి. టీచరమ్మ నన్ను పిలిపించి, "ఆరో తరగతి పిల్లకి ఇంత ఫోన్ పిచ్చి ఏంటండీ" అని పదిమంది ముందు అంది.

స్కూలు జూన్ 12న తెరుస్తారు. అప్పటిదాకా మీ దగ్గర ఉండనివ్వండి. మీ ఇంట్లో బటన్ ఫోన్ తప్ప వేరేది లేదు, అదే నాకు ధైర్యం. టీవీ ముందు కూర్చోనివ్వకండి. రోజూ పుస్తకం పట్టించండి. స్కూలు తెరిచేలోపు ఇరవై అయిదు పుస్తకాలు చదివితే ట్యాబ్ కొనిస్తానని మాటిచ్చాను. ఆ ఆశతోనైనా చదువుతుంది.

కొట్టిన సంగతి మీ తమ్ముడికి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

మీ మరదలు
ప్రసన్న

పాకాల,
1 మే 2025.

ప్రసన్నకు వదిన ఆశీస్సులు.

పిల్ల కులాసాగా ఉంది. వచ్చిన రెండు రోజులూ గోడవైపు తిరిగి పడుకుంది. చేతిలో ఏమీ లేకపోయినా బొటనవేలు మాత్రం పైకీ కిందికీ కదులుతూనే ఉండేది. అది చూసి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మూడోరోజు, "రాయే, కాజాలు కుడదాం" అని మిషను దగ్గరికి లాక్కొచ్చాను. పెళ్ళిళ్ళ కాలం కదా, కొక్కానికి పన్నెండు జాకెట్లు వేలాడుతున్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి నాకు దాని కళ్ళు కావాలి. అలా మాట కలిసింది.

మా వెనక వీధిలో లైబ్రరీ ఉంది. అక్కడి గిరిప్రసాద్ సారు సెలవుల్లో పిల్లల్ని పొద్దున పూట పోగుచేసి కథలూ ఆటలూ పెడుతున్నాడు. పల్లవిని చేర్చాను. "ఏ పుస్తకం కావాలి పాపా?" అంటే బీరువాలన్నీ వెతికి బొమ్మలు ఎక్కువగా ఉన్నది తీసుకుంది. ఇంటికి తెచ్చి, మిషను పక్కనే బోర్లా పడుకుని పేజీలు తిప్పింది. నేను ఒక షరతు పెట్టాను. చదివాక కథ నాకు చెప్పాలి. నాకా, ఎడమ చెవి ఎప్పుడో పోయింది. అది నా కుడి చెవి పక్కకు పీట లాక్కుని, గొంతెత్తి, చేతులు తిప్పుతూ చెబుతుంది. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి వింటున్నారు. ఇప్పటికి నాలుగు పుస్తకాలయ్యాయి. ఇన్నాళ్ళూ దాని మాట వినేవాళ్ళు లేక మొహం వాచిపోయినట్టుంది పాపం.

ఒక మాట, తప్పుగా అనుకోకు. ఫోన్ మాన్పించడానికి పుస్తకాలు చదివించి, చదివినందుకు మళ్ళీ ట్యాబ్ ఇస్తానంటావేమిటి? చక్కెర జబ్బు మనిషితో పథ్యం చేయించి, చివర్న జిలేబీ పెడతానన్నట్టుంది.

మీ అన్న కూడా అడిగినట్టు రాయమన్నాడు. ఎండలకు రైలు పట్టాల పని కష్టంగా ఉందట. ఇంకో ఏడాదిలో రిటైరైతే ఇంట్లో కూర్చుని నా తల తింటాడు.

అలివేలమ్మ

తిరుపతి,
6 మే 2025.

వదినకు,

మీ ఉత్తరం చదివి నాలుగు పుస్తకాలా అని ఆశ్చర్యపోయాను. వార్డులో అందరికీ చెప్పాను. మా ఇన్‌ఛార్జి సిస్టర్, "మా వాణ్ణి కూడా పంపిస్తాను, ఉంచుకుంటారేమో అడుగు" అంది.

అవి తెలుగు పుస్తకాలేనా? దానిది ఇంగ్లీషు మీడియం. వాటితో పాటు ఇంగ్లీషువి కూడా చదివించమని సారుకు చెప్పండి.

ఒక సంగతి మనసులో ఉంచుకోలేక రాస్తున్నాను. దాని మాట వినేవాళ్ళు లేక మొహం వాచిపోయిందని రాశారు. వినడానికి నాకు మాత్రం ఇష్టం లేక కాదు వదినా. పొద్దున ఎనిమిదిన్నరకు ఇల్లు చేరితే అది స్కూలుకు పోయి ఉంటుంది. అది వచ్చేసరికి నేను డ్యూటీకి తయారవుతుంటాను. రాత్రంతా వేరేవాళ్ళ పిల్లలకు సెలైన్ బాటిళ్ళు మారుస్తూ నా పిల్ల ఏం చేస్తోందో అనుకుంటూ ఉంటాను. మీ అమ్మాయిని పెంచిన రోజుల్లో ఇంట్లో ఈ ఫోన్లు లేవు, మీరు ఇల్లు కదిలే పనీ లేదు. జిలేబీ అన్నా ఇంకేమన్నా, మాటిచ్చాను. మాట తప్పితే ఇక నన్ను నమ్మదు.

ప్రసన్న

పాకాల,
12 మే 2025.

ప్రసన్నకు,

నేను దెప్పాలని రాయలేదు. చెవి పోయిన మనిషికి తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియనట్టే, నా రాత కూడా అవతలివాళ్ళకు ఎలా వినపడుతుందో నాకు తెలియదు. అయితే నేను ఇల్లు కదలకుండా సుఖంగా పిల్లను పెంచానని మాత్రం అనుకోకు. మిషను తొక్కుతూ ఉయ్యాల ఊపిన కాలు ఇది. సరే, పోనీ.

పుస్తకాలు పదకొండయ్యాయి. మొన్నటి కథ నీకూ చెప్పాలి. కొండ మీద ఉండే ఒక మేక ఊళ్ళు చూడాలని మన పాకాల స్టేషనులో కాట్పాడి ప్యాసింజరు ఎక్కిందట. టికెట్ కలెక్టరు వచ్చి టికెట్ అడిగితే, ఆయన చేతిలోని పుస్తకం మొత్తం నమిలి మింగేసిందట. ఇక పెట్టెలో ఎవరికి టికెట్ ఉందో ఎవరికి లేదో తెలియదు. కలెక్టరు తన ఉద్యోగం పోతుందని కూర్చుని ఏడ్చాడట. మేకకు జాలేసి, తర్వాతి స్టేషనులో ఆయన్ను దించి, తన వీపున ఎక్కించుకుని ఆయన భార్య దగ్గరికి తీసుకుపోయి, "తప్పు నాది, ఈయన్ని తిట్టబాక" అని చెప్పిందట. ఈ మాట వినగానే జాకెట్టుకు కొలతలివ్వడానికి వచ్చిన ముసలావిడ నవ్వలేక అరుగు మీద కూలబడింది. మీ అన్న డ్యూటీ నుంచి వస్తూనే "ఈరోజు ఏం కథ?" అని అడుగుతున్నాడు.

"యాడుండాదే ఆ పుస్తకం, నాకూ చూపించు" అంటే, "లైబ్రరీలో ఇచ్చేసినా అత్తా" అంది. "ఒకసారి నాకు సదివి వినిపించరాదా?" అంటే, "సదివితే బాగుండదు అత్తా, సెప్తేనే బాగుంటాది" అంది. నిజమేననుకున్నాను.

23వ తేదీన సెలవుల శిబిరం ముగింపు. పిల్లలు ఒక్కొక్కరు లేచి ఒక పేజీ పైకి చదవాలి. పల్లవి పేరు నేనే మొదట రాయించాను. వద్దంది గానీ, సిగ్గుపడుతోందిలే అని నేనే పట్టుబట్టాను. నీకు వీలైతే రా.

అలివేలమ్మ

తిరుపతి,
17 మే 2025.

వదినకు,

ఆ రోజు రాలేను. ఇద్దరు సిస్టర్లు పెళ్ళి సెలవుల్లో ఉన్నారు. కానీ మేక కథ నేను కూడా మా వార్డులో ఆపరేషన్ అయిన ఒక పాపకు చెప్పాను. కుట్లు నొప్పి పెడుతున్నా నవ్వింది.

ట్యాబ్ కొనేశాను. కోపం తెచ్చుకోకండి. ఇరవై అయిదుకు ఇంకా ఉన్నాయని తెలుసు, పదిహేనైనా చాలనుకున్నాను. దాని టీచరమ్మకు కూడా ఫోన్ చేసి, "మా పాప పదకొండు పుస్తకాలు చదివింది, అంతా ఫోన్ వల్లేనండీ, తీసేశాక చూడండి" అని చెప్పాను. పదిమందిలో పడ్డ మాటకు సమాధానం చెప్పినట్టయింది నాకు. అది చదువుతుంటే గిరిప్రసాద్ సారును ఒక వీడియో తీసి పంపమనండి. టీచరమ్మకు చూపిస్తాను.

మీరు కష్టపడలేదని నేననలేదు. పల్లవికి నా ముద్దులు.

ప్రసన్న

పాకాల,
24 మే 2025.

ప్రసన్నకు,

ముందు ఈ మాట చదువు. పల్లవి క్షేమంగా ఉంది, నా పక్కనే నిద్రపోతోంది. ఇక మిగతాది నెమ్మదిగా చదువు.

నిన్న లైబ్రరీలో ముప్పై మంది దాకా పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. నేను మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. మొదట పల్లవినే పిలిచారు. గిరిప్రసాద్ సారు మేక బొమ్మ అట్ట ఉన్న పుస్తకం దాని చేతికిచ్చి, "ఇది నీకు ఇష్టమైనది కదా, మొదటి పేజీ చదువు" అన్నాడు. అది పుస్తకం తెరిచి, కళ్ళు దాని మీదే ఉంచి, గట్టిగా మొదలుపెట్టింది: "ఒక కొండ మీద ఒక మేక ఉండేది. దానికి ఊళ్ళు సూడాలని ఆశ..."

పక్కన నిలబడ్డ పిల్లవాడు పుస్తకంలోకి తొంగి చూసి, "సార్, ఈడ అట్ల లేదు సార్! కుండలు చేసే తాత అని ఉండాది" అని అరిచాడు. పిల్లలందరూ గొల్లుమన్నారు. సారు వాళ్ళను గదమాయించేలోపే పల్లవి పుస్తకం కింద పడేసి బయటికి పరుగెత్తింది.

నేను లేచి వీధిలోకి వచ్చేసరికి కనిపించలేదు. ఇంట్లో లేదు. రెండు గంటలు, ప్రసన్నా. నీకు ఫోన్ చేస్తానని మీ అన్న అంటే నేనే ఆపాను. నీకు చెప్పాల్సిన మాట నా నోట్లోంచి ఎలా వస్తుందో తెలియక ఆపాను, నన్ను క్షమించు. చివరికి స్టేషనులో మూడో ప్లాట్‌ఫారం చివర, ఎవరూ కూర్చోని బెంచీ మీద మీ అన్నకు దొరికింది. ఆయన ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నాడట. ఓ రైలు పోయాక అదే చెప్పిందట: "మామా, నాకు సదవను రాదు."

రాత్రి నేను ఆ పుస్తకం తెప్పించుకుని చదివాను. అందులో రైలు లేదు, టికెట్ కలెక్టరు లేడు. ఓ తాతకు మట్టి తొక్కి సాయం చేసే మేక ఉంది. బొమ్మలో వెనక పొడుగ్గా ఇళ్ళ వరస ఉంటే, దాన్ని ఇది రైలు పెట్టెలు చేసింది. పదిహేడు పుస్తకాల కథలూ అలాంటివే. బొమ్మలు చూసి తానే అల్లింది.

"ఇంగ్లీషన్నా వస్తాదా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "అచ్చరాలు ఒకటొకటీ తెలుస్తాయత్తా. పక్క పక్కన పెడితే కలిసిపోతాయి. సూసేకొద్దీ తిక్కతిక్కగా అయిపోతాయి" అంది. మరి ఆరో తరగతి దాకా ఎలా వచ్చావే అంటే, ఫోన్ వల్ల అంది. పాఠానికి ఫోటో తీస్తే ఆ ఫోనే పైకి చదువుతుందట, ఇది విని బట్టీ పట్టేది. జవాబు నోటితో చెబితే ఫోనే రాసేది, దాన్ని చూసి బొమ్మ గీసినట్టు నోట్సులోకి దించేది. వీడియోలు కూడా చూసేదట, అదీ దాచలేదు.

నువ్వు ఫిబ్రవరిలో ఫోన్ తీసేశావు. మార్చిలో పరీక్షలు. ఆలోచించు.

దాన్ని అందరి ముందూ నిలబెట్టింది నేను. వద్దంటే వినలేదు. నీ కూతురు అబద్ధమాడిందని కోప్పడకు. నిజం చెప్పే సందు మనమే ఇవ్వలేదు.

అలివేలమ్మ

తిరుపతి,
28 మే 2025.

వదినకు,

మీ ఉత్తరం ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని మూడుసార్లు చదివాను. ఆలోచించు అన్నారు. ఆలోచించకుండా ఉంటే బాగుండును.

ఆరేళ్ళుగా ఆ స్కూలుకు పోతోంది. ఒక్కరైనా చెప్పలేదు. సరే, వాళ్ళు చెప్పలేదు, నేను తల్లిని. చిన్నప్పుడు పుస్తకం తెచ్చి, "నువ్వే సదువమ్మా" అని ఒళ్ళో పెట్టేది. "పెద్దదానివయ్యావు, నువ్వే చదువుకో" అని పంపేసేదాన్ని. బద్ధకం అనుకున్నాను. డాక్టర్లు చూడకముందే రోగి మొహం చూసి జ్వరం ఎంతో చెప్పగలను, నా కూతురి జబ్బు నాకు తెలియలేదు. టీచరమ్మకు ఏమని చెప్పుకున్నానో గుర్తొస్తే తల ఎత్తుకోలేకపోతున్నాను.

కానీ వదినా, నెలరోజులు మీ పక్కనే ఉంది. పదిహేడు పుస్తకాలు. మీరు ఒక్కటి కూడా తెరిచి చూడలేదు. నిజం చెప్పే సందు మనమే ఇవ్వలేదని రాశారు. మనమే అని రాసినా, వేలు ఎవరివైపు ఉందో నాకు అర్థమైంది. ఇక కథలూ వద్దు, శిబిరాలూ వద్దు. 31న ఆయన వస్తారు. పల్లవిని పంపేయండి. ఇక్కడే మంచి ట్యూషన్‌లో పెడతాను, ఉన్న పది రోజుల్లో అక్షరాలైనా దిద్దిస్తారు.

ప్రసన్న

పాకాల,
2 జూన్ 2025.

ప్రసన్నకు,

మా తమ్ముడు శేఖరు ఒక్కడే నీ దగ్గరికి తిరిగి వచ్చినందుకు నీకు నా మీద కోపం వచ్చి ఉంటుంది. ఏం జరిగిందో వాడు నీకు సరిగ్గా చెప్పి ఉండడు. నేను చెబుతాను.

వచ్చీ రాగానే, "బట్టలు సర్దుకోమ్మా" అన్నాడు. పిల్ల కదలలేదు. నేను అడ్డం పోయి, "ట్యూషన్లో కూడా సదవమనే కదరా అంటారు? మళ్ళీ దాచుకుంటాది" అన్నాను. వాడు గట్టిగా, "దానికి ఫోను అలవాటు చేసి చెడగొట్టుకున్నాం అక్కా, ఇంక చాలు" అన్నాడు. నాకూ కోపమొచ్చింది. "తెలివి లేక కాదురా, ఎవురూ పట్టించుకోక" అన్నాను. అప్పుడు వాడు చాప మీద కూర్చుండిపోయాడు. తర్వాత తల ఎత్తకుండా అడిగాడు.

"అక్కా, ఏడో తరగతి దాకా నా నోట్సులు ఎవరు రాసినారు?"

"నేనే."

"నా పాఠాలు ఎవరు సదివి వినిపించినారు?"

"నేనే కదరా."

"నీకు పెళ్ళయి పోయినాక నేను బడి ఎందుకు మానేసినానో ఎవురన్నా అడిగినారా? నాకు నువ్వుండావు. దానికి ఫోను ఉండాది. అంతే కదక్కా."

ప్రసన్నా, నా చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. వాడు లారీల మీద మోజుతో బడి మానేశాడనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. అయ్యవారు కొడతాడని జాలేసి వాడి పనంతా నేనే చేసేదాన్ని. మంచి చేస్తున్నానని మురిసిపోయాను. నలభై ఏళ్ళ మనిషి, ఇప్పటికీ వాడికి ఒక వాక్యం చదవడం బండరాయి మోసినట్టేనట. ఊరి పేర్లు బోర్డు మీద మొదటి అక్షరం, పొడుగూ చూసి పోల్చుకుంటాడట. నీకెప్పుడూ చెప్పలేదని, నువ్వు చదువుకున్నదానివని సిగ్గుపడ్డానని చెప్పాడు. నీకు రాయనా అని అడిగాను. రాయమన్నాడు. తానే చెప్పలేనన్నాడు.

పల్లవి ఇదంతా వింటోంది. లేచొచ్చి నాయన భుజానికి ఆనుకుని కూర్చుంది. "నీకూ కలిసిపోతాయా నాయనా?" అని అడిగింది. వాడు తలూపాడు.

నువ్వన్న మాట నిజమే. నేను ఒక్క పుస్తకమూ తెరవలేదు. కథ బాగుందని విన్నాను, పిల్ల ఎలా ఉందో చూడలేదు. వేలు నీవైపు చూపలేదు గానీ, నావైపూ చూపుకోలేదు. ఇప్పుడు చూపుకుంటున్నాను.

గిరిప్రసాద్ సారు ఇంటికొచ్చి పల్లవితో చాలాసేపు మాట్లాడాడు. ఇలాంటి పిల్లలను చూసే డాక్టరమ్మ తిరుపతిలో ఉందట, తప్పక చూపించమన్నాడు. అంతవరకు ఒక పని చెప్పాడు. అది కథ చెబుతుంటే దాని మాటల్లోనే నేను పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, రోజుకు నాలుగే వాక్యాలు. మరునాడు దాన్నే అది చదవాలి. ఏముందో దానికి ముందే తెలుసు కాబట్టి భయం లేదు. మాట తెలుసు, దాని రూపం వెతుక్కుంటోంది. నిన్న "టికెట్" అనే మాట తనంతట తాను పట్టుకుంది. ఒకే ఒక్క మాట. గుడ్డ మీద గీసే సుద్దతో దాన్ని మిషను బల్ల మీద, అరుగు మీద, మీ అన్న డ్యూటీ చెప్పుల మీద కూడా రాసింది.

ఇంకోటి. నేను ఇలా అడుగుతానని అనుకోలేదు. ఆ బీరువాలోని ఫోన్ పంపించు. ఫోన్ పైకి చదువుతుంటే, పల్లవి వేలు పెట్టి పేజీలో అదే మాట చూస్తూ పోవాలని సారు చెప్పాడు. రోజుకు అరగంట, నేను పక్కన కూర్చుంటాను. నాకు దాన్ని నొక్కడం రాదు, పిల్లే నేర్పిస్తానంది.

అలివేలమ్మ

తిరుపతి,
8 జూన్ 2025.

వదినకు,

ఫోన్ ఆయన చేత పంపాను, చేరి ఉంటుంది. ట్యాబ్ కొట్టులో తిరిగి ఇచ్చేశాను.

పదమూడేళ్ళ కాపురంలో నేను ఇచ్చిన ప్రతి కాగితమూ ఆయన "నువ్వే నింపు, నీ రాత బాగుంటాది" అని నాకే తిప్పి ఇచ్చేవారు. పొద్దున పేపరు తెరిచి బొమ్మలు చూసి మడిచేసేవారు. నన్ను లెక్క చేయక అనుకుని ఎన్నిసార్లు పోట్లాడానో. మీ ఉత్తరం చదివాక ఆయన ముందు కూర్చున్నాను. పేపరు తీసుకుని వర్షాల వార్త పైకి చదివాను. ఆయన టీ తాగుతూ విన్నారు. చదవడం అయ్యాక, "ఇంకోటి సదువు" అన్నారు.

డాక్టరమ్మ దగ్గర 11వ తేదీకి పేరు రాయించాను. కాబట్టి 10న పల్లవిని తీసుకెళ్తాను, ఈసారి నేనే వస్తాను. ఒక ఏడాది మీ దగ్గరే ఉంచి చదివిస్తానని ఆయనతో అన్నారట. ఉంచితే బాగుపడుతుందని నాకూ తెలుసు. కానీ వదినా, దాన్ని నేనే చూసుకోవాలి. మీరు చేసింది చాలదని కాదు, మీ చేతిలో పెట్టి మళ్ళీ నేను నిద్రపోతానేమోనని. మూడు నెలలు పగటి డ్యూటీ అడిగాను. ఇస్తామన్నారు.

మీ మాటలకు నేను ఎదురు మాటలన్నాను. మనసులో పెట్టుకోకండి.

ప్రసన్న

పాకాల,
19 జూన్ 2025.

ప్రసన్నకు,

నువ్వు వచ్చి పోయాక రాయాలని రెండుసార్లు కూర్చుని లేచాను. ఏడాది ఉంచుకుంటానన్నది పిల్ల కోసమే అనుకున్నాను. ఇల్లు ఇలా చప్పుడు లేకుండా అయ్యాక తెలిసింది, సగం నా కోసమేనని. నువ్వు తీసుకుపోవడమే సరైనది.

డాక్టరమ్మ చెప్పినవి శేఖరు మీ అన్నకు ఫోన్లో చెబితే, ఆయన నా చెవిలో అరిచి చెప్పాడు. తెలివికి లోటు లేదని, అక్షరాలు కుదురుకోవడానికి దీనికి ఎక్కువ కాలం పడుతుందని, ఏళ్ళే పట్టవచ్చని. పట్టనీ. విని నేర్చుకోవడమూ చదువేనందట, ఆ మాట నాకు బాగా నచ్చింది. తొందరపెట్టకు. తప్పు చదివినప్పుడు వెంటనే అందించకు, నాకు ఆ గుణం ఉండేది, మానుకోవడానికి పెదవి కొరుక్కునేదాన్ని.

ఫోన్‌కు ఒక వేళ పెట్టు. అది నీ బీరువాలోనూ వద్దు, దాని పక్క కిందా వద్దు. నడింట్లో అందరికీ కనపడేచోట ఉండనీ.

అలివేలమ్మ

తిరుపతి,
10 ఆగస్టు 2025.

వదినకు,

ఉత్తరం ఆలస్యమైనందుకు ఏమనుకోకండి. పగటి డ్యూటీ అంటే సాయంత్రాలు ఖాళీ అనుకున్నాను గానీ, అవన్నీ దానికే సరిపోతున్నాయి. ఇరవై నిమిషాలు నేను చదువుతాను, అది వింటుంది. అరగంట ఫోన్ చదువుతుంటే పేజీ మీద వేలు నడుపుతుంది. వీడియోలు ఆదివారం గంట. దాటితే పోట్లాట ఇప్పటికీ ఉంది. నిన్న కూడా తలుపు వేసుకుంది. అంతా బాగైపోయిందని రాయలేను. స్కూల్లో సగం మంది టీచర్లకు డాక్టరమ్మ కాగితం చూపించినా అర్థం కాలేదు. ఇంగ్లీషు సారు ఒక్కడు మాత్రం ప్రశ్నలు చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించుకుంటున్నాడు.

మొన్న తెలుగు యూనిట్ టెస్ట్ పేపరు ఇచ్చారు. ఇరవైకి ఆరు. కింద ఎర్ర ఇంకుతో టీచరమ్మ ఏదో రాసింది, నా సంతకం కావాలి. ఇదివరకు ఇలాంటివి తెచ్చి, "గుడ్ అని రాసినారమ్మా" అనేదట. నేను నిద్రమత్తులో సంతకం చేసేదాన్నట. తానే చెప్పింది.

ఈసారి పేపరు నా చేతికి ఇవ్వలేదు. "ఉండు, నేను సదివి సెప్తా" అని గడప మీద కూర్చుంది. మీ తమ్ముడు బస్సుకు బయలుదేరుతున్నవారు చెప్పులు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. వేలు ఒక్కో అక్షరం కింద ఆగుతూ పోయింది. మధ్యలో రెండుసార్లు మొదటికి వెళ్ళింది. అందించాలని నా నోటిదాకా వచ్చింది, మీరు చెప్పినట్టే పెదవి కొరుక్కున్నాను. గడియారం చూడలేదు గానీ, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, ఎవరమూ కదల్లేదు.

చివరికి ఒక్క ఊపిరితో చదివింది: "చదవడంలో చాలా వెనకబడి ఉంది. ఇంకా కృషి అవసరం."

తన మీద రాసిన మాట తానే చదివి, మా ఇద్దరి మొహాలూ చూసింది.

"కృషి అంటే ఏందమ్మా?"

"ఇప్పుడు నువ్వు చేసినావే, అది" అన్నాను.

"మరి సేసినా కదా. ఇంకా అవసరం అని ఎందుకు రాసినారు?" అంది.

మీ తమ్ముడు గోడకు ఆనుకుని నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. పెన్ను తీసుకుని, నా కంటే ముందు ఆయనే సంతకం చేశారు.

మీ మరదలు
ప్రసన్న